ముందు ఎడమ టైరు లోపలి అంచు అరుగుదల: ఒక సస్పెన్షన్ ప్రాజెక్టు డైరీ

ఓడోమీటరు 61,240: కారు, కంప్లయింట్లు

ముందు చక్రాలకు పవర్ వచ్చే చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన నిలువు కాలు), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే అడ్డ దూలం). టైర్ల సైజు 185/65 ఆర్15. ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నబడిపోయింది. చిన్న చిన్న గుంతల్లో నెమ్మదిగా పోతుంటే ఎడమ పక్క నుంచి టక్కుమని చప్పుడు వస్తోంది. బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతుంది, మామూలుగా పోతున్నప్పుడు లాగదు. 60 దాటాక ముందు నుంచి హోరు.

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సర్దడం) ఇంతకుముందే అయింది. ఆ కాగితంలో టో (పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగిన కోణం) రెండు పక్కలా ఆకుపచ్చ గడిలోనే ఉంది. ఎడమ క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం తల లోపలికో బయటికో వాలిన కోణం) ఒక్కటే కొంచెం హద్దు దాటింది. ఈ కారులో దాన్ని సర్దే ఏర్పాటు లేదని అలాగే వదిలేశారు. తర్వాత కూడా టైరు అరుగుతూనే ఉంది. కాబట్టి మళ్లీ అలైన్‌మెంట్‌కి పోయి లాభం లేదు. ఆ మెషీను నిలబడి ఉన్న కారునే కొలుస్తుంది. రోడ్డు మీద బ్రేకు పడ్డప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఎటు జరుగుతోందో దానికి కనిపించదు. వదులైన భాగం ఏదో తేలేదాకా టై రాడ్ (స్టీరింగ్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ, టో సర్దేది దీనితోనే) మీద పానా పెట్టకూడదని ముందే అనుకున్నాం.

టైరు చెప్పేది

ముందుగా గాలి చూశాం: 33 పీఎస్ఐ ఉండాల్సిన చోట 31, 32. ఈ తేడాకు ఇంత అరుగుదల రాదు. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్య పట్టీ అరుగుతుంది. ఇక్కడ ఒక్క అంచే పోయింది.

ట్రెడ్ లోతును గేజితో ప్రతి టైరుకీ అడ్డంగా మూడు చోట్ల, చుట్టూ నాలుగు చోట్ల తీసుకున్నాం. గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండే అరుగుదల గుర్తు మీద గేజి సూది పడితే కొలత తప్పు వస్తుంది, పక్కకు జరిపి పెట్టాలి. సగటు అంకెలు మిల్లీమీటర్లలో:

ఎడమ ముందు: లోపల 2.1, మధ్య 4.8, బయట 5.2
కుడి ముందు: లోపల 4.2, మధ్య 4.9, బయట 4.8
వెనక రెండూ: మూడు చోట్లా 6.0కి అటూ ఇటూ 0.1

చుట్టూ తీసిన నాలుగు కొలతల్లో పెద్ద తేడా లేదు. షాక్ అబ్జార్బర్ దమ్ము పోయినా, బ్యాలెన్సింగ్ దెబ్బతిన్నా చుట్టూ అక్కడక్కడా సొట్టలు పడినట్టు అరగాలి. అది లేదు. వెనక టైర్లు సమంగా అరిగాయి కాబట్టి వెనక బీమ్ మీద అనుమానం కూడా పోయింది.

తర్వాత అరచేతి పరీక్ష. లోపలి అంచు బాగా అరిగిన టైరులోంచి ఉక్కు తీగలు బయటికి వచ్చి ఉండవచ్చు, అందుకే లైటు వేసి చూశాకే చెయ్యి పెట్టాలి. బయటి నుంచి లోపలికి చెయ్యి జరిపితే ప్రతి పట్టీ అంచూ రంపపు పళ్లలా తగిలింది, లోపలి నుంచి బయటికి జరిపితే నున్నగా పోయింది. ఇది టో అవుట్ గుర్తు. చక్రం ముందు భాగం బయటికి తిరిగి ఉంటే, కారు తిన్నగా పోతున్నా టైరు నేల మీద లోపలి వైపుకు రుద్దుకుంటూ పోతుంది. ఆ రుద్దుడుకు ఎదురయ్యే లోపలి అంచులు గుండ్రబడతాయి, బయటి అంచులు పదునెక్కుతాయి. టో ఇన్ ఎక్కువైతే ఇదంతా తిరగబడుతుంది.

కుడి టైరు మీద కూడా ఇదే పదును ఉంది, కాకపోతే తక్కువ. ఇది ముఖ్యమైన ఆధారం. ముందు చక్రాల మధ్య టో తేడా ఒక పక్క నుంచే పుట్టినా, నడిచేటప్పుడు స్టీరింగ్ కాస్త తిరిగి రెండు చక్రాలూ దాన్ని పంచుకుంటాయి. టో రెండు చక్రాలదీ అయినప్పుడు ఎడమ అంచు మాత్రమే ఇంతగా పోవాలంటే ఎడమ వైపు ఇంకోటి తోడవ్వాలి. అది క్యాంబర్. టైరు తల లోపలికి వాలి బరువంతా లోపలి అంచు మీద పడుతుంటే, టో రుద్దుడు కూడా అక్కడే కేంద్రీకరిస్తుంది. అంటే వెతకాల్సింది ఒక లోపం కాదు, రెండు.

హోరు సంగతి త్వరగా తేలిపోయింది. రోడ్డు మారగానే శబ్దం మారింది. ముందు టైర్లను వెనక్కి మార్చి నడిపితే హోరు కూడా వెనక్కి పోయింది. బేరింగ్ అయితే అలా పోదు. ఖాయం చేసుకోవడానికి, ముందు చక్రం ఎత్తి చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద పెట్టి చూశాం. బేరింగ్ పోయి ఉంటే ఆ గరగర స్ప్రింగ్‌లోకి వచ్చి వేళ్లకు తెలుస్తుంది. రెండు పక్కలా ఏమీ లేదు.

నేల మీద కొలతలు

జాకీ దించిన వెంటనే కొలిస్తే అంకెలు అబద్ధం చెబుతాయి. టైర్లు నేలను పట్టుకుని సస్పెన్షన్‌ను పైకే నిలిపి ఉంచుతాయి. కారును నాలుగైదు మీటర్లు ముందుకు వెనక్కు నడిపి, బానెట్ మీద రెండు మూడుసార్లు నొక్కి వదిలాక కొలవాలి. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మధ్య నుంచి ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా ఎడమ 376, కుడి 379 మిల్లీమీటర్లు. స్ప్రింగ్ విరిగి ఉంటే తేడా సాధారణంగా ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. విరగడం సాధారణంగా అడుగు చుట్టులోనే జరుగుతుంది, సీటు లోపల దాక్కుంటుంది. అక్కడా లైటు వేసి చూశాం, బాగానే ఉంది.

టైరు వెనక భాగానికీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ ఎడమ వైపు 8 మిల్లీమీటర్లు తక్కువ. ఫెండర్ల అమరిక అన్ని కార్లలో అంత కచ్చితంగా ఉండదు కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోలేదు. చక్రం వెనక్కి జరిగి ఉండొచ్చన్న సూచనగా రాసిపెట్టుకున్నాం.

అసలు విషయం దారం పరీక్షలో బయటపడింది. కారుకు రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, హబ్ ఎత్తులో దారం బిగించి లాగి, కారు మధ్య గీతకు సమాంతరంగా అమర్చాలి. ముందు రెండు చక్రాల మధ్య దూరం, వెనక రెండు చక్రాల మధ్య దూరం ఒకటి కాకపోవచ్చు. అందుకే దారాన్ని హబ్ ముఖాల నుంచి కొలిచి, ఆ తేడాను రెండు పక్కలా సగం సగం పంచి పెట్టాలి. స్టీరింగ్ తిన్నగా కట్టేయాలి. ఆ తర్వాత రిమ్ ముందు అంచు నుంచీ వెనక అంచు నుంచీ దారానికి దూరం కొలిస్తే, ఆ రెంటి తేడాయే ఆ చక్రం టో. ఈ రిమ్ అంచు వ్యాసం సుమారు 416 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక మిల్లీమీటరు తేడా అంటే 8 నిమిషాల కోణం. డిగ్రీకి 60 నిమిషాలు.

ఒకసారి కొలిచి ఊరుకుంటే మెషీను చెప్పిందే ఇదీ చెబుతుంది. అందుకే కారును మెల్లగా ముందుకు నెట్టి ఫుట్ బ్రేకుతో ఆపి, కాలు తీయకుండానే కొలిచాం. తర్వాత వెనక్కి నెట్టి అలాగే ఆపి కొలిచాం. కుడి చక్రం రెండు కొలతల మధ్య తేడా అర మిల్లీమీటరు. ఎడమ చక్రానికి 3 మిల్లీమీటర్లు, అంటే 25 నిమిషాలు. ముందుకు పోతూ బ్రేకు వేసినప్పుడు టో అవుట్ వైపే జరుగుతోంది.

25 నిమిషాలు కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. రెండు చక్రాలూ పంచుకుంటే ఒక్కొక్కటి పన్నెండున్నర నిమిషాలు. ఆ కోణంలో కిలోమీటరు పోతే ఒక్కో టైరు మూడున్నర మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుపోతుంది. ట్రెడ్ అక్కడే పోతోంది.

జాకీ మీద

వెనక చక్రాలకు అడ్డు దిమ్మెలు, ముందు రెండు పక్కలా జాక్ స్టాండ్లు. జాకీ ఒక్కదాని మీద నిలిపి కిందకి దూరడం ఎవరూ చేయకూడని పని.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ వైపు ఏ షేకూ లేదు. ఉండి ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. షేక్ ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ దగ్గర చూడాలి. చక్రాన్ని అడ్డంగా రెండు పక్కలా పట్టుకుని ఊపితే చిన్న టిక్కు. టై రాడ్ ఎండ్ మీద, దాన్ని పట్టి ఉంచే నకుల్ (హబ్‌ను మోసే ఇనుప దిమ్మ) మీద కలిపి వేళ్లు పెట్టి ఊపించాం. రెంటి మధ్య కదలిక వేళ్లకు తెలిసింది, బయటి ఎండ్ పోయింది. స్టీరింగ్ ర్యాక్ చివర ఉండే రబ్బరు తొడుగు, అంటే బెలోస్‌ను గట్టిగా నొక్కి లోపలి జాయింట్ కూడా చూశాం, అది గట్టిగానే ఉంది.

స్టెబిలైజర్ బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) సస్పెన్షన్‌కు కలిపే లింక్ రాడ్‌ను పరీక్షించేటప్పుడు చాలామంది ఒక చక్రమే ఎత్తుతారు. అప్పుడు బార్ మెలిపడి లింకు బిగుసుకుని ఉంటుంది, అరిగినా షేక్ కనపడదు. రెండు చక్రాలూ వేలాడాలి, లేదా రెండూ నేల మీద ఉండాలి. రెండూ వేలాడదీసి చూస్తే ఎడమ లింక్ కింది జాయింట్ చేత్తోనే టకటకలాడింది.

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి కారుకు కలిపే చెయ్యి) వెనక బుష్ (రబ్బరు కీలు) దగ్గర ప్రై బార్ (గడ్డపార లాంటి కడ్డీ) పెట్టి ఆర్మ్‌ను ముందుకు తోసి చూశాం. పైకి చూస్తే రబ్బరు మీద సన్నని గీత మాత్రమే ఉంది. బార్ మీద బలం పడగానే ఆ గీత నోరు తెరిచింది. రబ్బరు సగం చుట్టు దాకా లోపలి గొట్టం నుంచి ఊడిపోయి ఉంది. బలం వదలగానే మళ్లీ మూసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది. నిలబడ్డ కారులో మెషీనుకు కనిపించేది దాదాపు ఆ మూసుకున్న స్థితే. లోపల ద్రవం ఉండే రకం బుష్ అయితే ఇలా చీలకముందే కింద నల్లటి జిడ్డు మరక కనిపిస్తుంది. ఇది మామూలు రబ్బరు రకం.

స్ట్రట్ పైకొన బిగిసే టాప్ మౌంట్‌ను చూడడానికి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టారు. మౌంట్ బేరింగ్ పట్టేసి ఉంటే స్ప్రింగ్ కాసేపు మెలిపడి ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. ఇక్కడ సాఫీగానే తిరిగింది.

మొదట లింక్ రాడ్ ఒక్కటే

చప్పుళ్ల విషయంలో ఒకేసారి అన్నీ మారిస్తే ఏది దేనివల్లో ఎప్పటికీ తేలదు. లింక్ రాడ్లు రెండూ ముందు మార్చి నడిపాం. చిన్న గుంతల టక్కు పోయింది. రివర్స్‌లోంచి ముందుకు కదిలేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు వచ్చే ఒకే ఒక బరువైన దబ్బుమన్న చప్పుడు మాత్రం మిగిలింది, ఇప్పుడది విడిగా వినిపించింది. అది బుష్‌దే.

లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్

బుష్ విడిగా దొరికినా ఆర్మ్ మొత్తం మార్చడమే మేలనిపించింది. బాల్ జాయింట్ కూడా అంతే వయసుది, పైగా బుష్‌ను ప్రెస్ లేకుండా సుత్తితో కొట్టి దించితే కొత్త రబ్బరే దెబ్బతింటుంది. ముందురోజు సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచాం. బాల్ జాయింట్ పిన్ను నకుల్ చీలికలో ఒక అడ్డబోల్టుతో బిగిసి ఉంటుంది. బోల్టు పూర్తిగా తీసేసి, చీలికను చీలతో కొద్దిగా తెరిచి, ఆర్మ్‌ను కిందికి నొక్కితే ఊడుతుంది. ఊడాక నకుల్‌ను బయటికి లాగకూడదు. యాక్సిల్ లోపలి జాయింట్ తన గిన్నెలోంచి బయటికి వచ్చేస్తుంది. తీగతో స్ట్రట్‌కు కట్టి ఉంచాం.

కొత్త ఆర్మ్ పిన్నులో ఉండే గాడి అడ్డబోల్టుకు సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా పైకి తోయాలి. బోల్టు చేత్తో సాఫీగా దూరితేనే పిన్ను పూర్తిగా కూర్చున్నట్టు. సెల్ఫ్ లాకింగ్ నట్లు పాతవి మళ్లీ వాడలేదు.

ఇక్కడే ఎక్కువ మంది కొత్త బుష్‌ను తమ చేత్తోనే పాడు చేస్తారు. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి కవచానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే గొట్టం కదలకుండా అయిపోతుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా రబ్బరే మెలిపడాలి. చక్రం వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి ఉండిపోతుంది. గుంత పడ్డప్పుడల్లా ఆ మెలి ఇంకా పెరిగి కొద్ది నెలల్లోనే చీలిపోతుంది. అందుకే రెండు బుష్‌ల బోల్టులూ మొదట వదులుగానే వదిలి, బాల్ జాయింట్ చివర కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తాం. హబ్ నుంచి ఫెండర్ దాకా ముందు రాసుకున్న 376 మిల్లీమీటర్లు రాగానే ఆపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించాం. ఎత్తేటప్పుడు కారు స్టాండ్ మీద నుంచి లేవకుండా ఒకరు చూస్తూ ఉండాలి.

టై రాడ్ ఎండ్‌కు ముందు లాక్ నట్టు పావు చుట్టు వదిలి, పాత ఎండ్ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాం. ఇది అలైన్‌మెంట్ బే దాకా కారు నడపడానికి మాత్రమే. పిన్ను టేపర్ పట్టేసి ఉంటే ఫోర్కు దింపడం కంటే పుల్లర్ మేలు. కొత్త నట్టు బిగించేటప్పుడు పిన్ను కూడా తిరుగుతుంటే, ఎండ్ కింద జాకీతో కొంచెం ఒత్తిడి పెడితే టేపర్ పట్టుకుంటుంది.

మిగిలిపోయిన క్యాంబర్

ఆర్మ్ మారాక దారం పరీక్షలో ఎడమ తేడా 3 నుంచి అర మిల్లీమీటరుకు దిగింది. టో ఏమీ మార్చకుండా మెషీను మీద కొలతలు మాత్రమే తీయించాం. ఎడమ క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు, పక్క నుంచి చూస్తే వెనక్కి వాలిన కోణం) పాత కాగితంలో 3°05′, ఇప్పుడు 3°45′. కుడి 3°50′ అలాగే ఉంది. ఎడమ చక్రం నిజంగానే వెనక్కి జరిగి ఉండేదన్నమాట.

కానీ ఎడమ క్యాంబర్ −1°30′ దగ్గరే నిలిచిపోయింది, కుడి −0°35′. ఈ కారుకు హద్దు −0°30′కు అటూ ఇటూ 45 నిమిషాలు, రెండు పక్కల మధ్య తేడా 30 నిమిషాలు దాటకూడదు.

మామూలుగా పోతున్నప్పుడు బండి ఎందుకు లాగలేదో ఇప్పుడు అర్థమైంది. క్యాస్టర్ తక్కువైన వైపుకు, అంటే ఎడమకు, బండి లాగాలి. క్యాంబర్ తక్కువ నెగెటివ్‌గా ఉన్న వైపుకు, అంటే కుడికి, లాగాలి. రెండు లోపాలూ ఒకదాన్నొకటి కప్పేశాయి. బ్రేకు పడగానే చీలిన బుష్ వల్ల ఎడమ క్యాస్టర్ ఇంకా పడిపోయి ఎడమ లాగుడు గెలిచేది. ఆర్మ్ మార్చాక బండి మామూలు నడకలోనే కుడికి కొంచెం లాగడం మొదలుపెట్టింది. కొత్త భాగం చెడ్డదని అనుమానించాల్సిన పని లేదు, మిగిలిన లోపం బయటికి వచ్చిందంతే.

క్యాంబర్ ఎక్కడ పోయిందో తేల్చడానికి స్టీరింగ్ యాక్సిస్ వాలు (అదే ఇరుసు ముందు నుంచి చూస్తే లోపలికి వాలిన కోణం) కూడా కావాలి. మెషీను ఇస్తుంది, అడగాలి. ఎడమ 12°50′, కుడి 12°55′, అంటే దాదాపు సమానం. ఈ వాలుకు క్యాంబర్ కలిపితే వచ్చే మొత్తం కోణం ఎడమ 11°20′, కుడి 12°20′. మొత్తం కోణం రెండు పక్కలా సమానంగా ఉండి వాలు మాత్రం తేడాగా ఉంటే సబ్‌ఫ్రేమో (ఆర్మ్‌లు బిగించిన చట్రం) స్ట్రట్ టవరో (స్ట్రట్ పైకొన బిగిసే బాడీ భాగం) పక్కకు జరిగిందని అర్థం. ఇక్కడ వాలు సమానం, మొత్తం కోణంలో ఒక డిగ్రీ తేడా. కాబట్టి వంగింది స్ట్రట్ అయినా కావాలి, నకుల్ అయినా కావాలి. టైరు పైభాగానికీ స్ట్రట్ గొట్టానికీ మధ్య ఖాళీ కొలిస్తే ఎడమ వైపు 4 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది.

స్ట్రట్లు

స్ట్రట్ మీద బ్రేకు హోసు, సెన్సర్ వైరు క్లిప్పులు విప్పి, నకుల్‌కు ఉన్న రెండు బోల్టులు తీసి దింపాం. టవర్ మీది చిన్న నట్లు తీయాలి గానీ మధ్యలో ఉన్న పెద్ద నట్టును కారు మీద ఉండగా ముట్టుకోకూడదు. స్ప్రింగ్ మొత్తం బలం దాని మీదే ఉంటుంది. రెండు కంప్రెసర్లు ఎదురెదురుగా తగిలించి, ఇటు కొన్ని చుట్లు అటు కొన్ని చుట్లు సమంగా బిగిస్తూ, పై సీటు చేత్తో కదిలేదాకా వచ్చాకే ఆ నట్టు వదిలాం. ముఖం ఎప్పుడూ స్ప్రింగ్‌కు ఎదురుగా పెట్టకూడదు.

విడిగా తీసిన గొట్టానికి ఉక్కు స్కేలు ఆనించి వెనక నుంచి లైటు వేస్తే, నకుల్ బ్రాకెట్‌కు కాస్త పైన వెలుగు సన్నగా కనిపించింది. గొట్టం అక్కడ వంగింది. పిస్టన్ రాడ్‌లో వంపు లేదు. పెద్ద గుంతలో పడ్డ దెబ్బ ఒక్కటే గొట్టాన్నీ వంచి బుష్‌నూ చీల్చగలదు. అలాంటప్పుడు రిమ్ కూడా చూడాలి, లోపలి పెదవి వంగితే బయటికి కనిపించదు. డయల్ గేజితో చూస్తే పక్క ఊపు అర మిల్లీమీటరు లోపే ఉంది.

ఆర్మ్ ఒక పక్కే మార్చాం గానీ స్ట్రట్లు రెండూ మార్చాం. రెండు పక్కల డ్యాంపింగ్ తేడాగా ఉంటే గతుకుల్లో బ్రేకు వేసినప్పుడు బండి నిలకడగా ఉండదు. పాత స్ప్రింగులు ఎత్తు సమానంగా ఉన్నాయి కాబట్టి అవే వాడాం. స్ప్రింగ్ కొన కింది సీటులో ఉండే అడ్డుకు ఆనేలా తిప్పి కూర్చోబెట్టాలి, లేకపోతే మొదటి కుదుపుకే తిరిగి కొత్త చప్పుడు మొదలవుతుంది. డస్ట్ బూట్లు, బంప్ స్టాపులు కొత్తవి వేశాం.

అలైన్‌మెంట్

ఇప్పుడు చేయించడంలో అర్థం ఉంది. క్యాంబర్ మారితే టో కూడా దానితో పాటు మారుతుంది, అందుకే టో ఎప్పుడూ చివర. మొదట వెనక చక్రాల కొలత తీసి థ్రస్ట్ కోణం (వెనక చక్రాలు కారును తోసే దిశ మధ్య గీత నుంచి ఎంత పక్కకు ఉందో) చూడాలి, తర్వాత స్టీరింగ్ తిన్నగా లాక్ చేసి రెండు టై రాడ్లూ విడివిడిగా సర్దాలి. ఒక్క రాడ్డే తిప్పితే మొత్తం టో కుదురుతుంది గానీ స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. టై రాడ్ తిప్పేటప్పుడు బెలోస్ క్లిప్ వదలకపోతే అది మెలిపడి చిరుగుతుంది, ర్యాక్‌లోకి మట్టి చేరుతుంది.

చివరి అంకెలు: క్యాంబర్ ఎడమ −0°40′, కుడి −0°35′. క్యాస్టర్ 3°45′, 3°50′. టో ఒక్కో పక్క లోపలికి 4 నిమిషాలు.

ముందున్న పాత టైర్లు రెండూ తీసేశాం. కొత్త జత వెనక్కి పోయింది. తడి రోడ్డు మీద వెనక పట్టు తప్పితే కారును అదుపు చేయడం కష్టం, అందుకే పట్టు ఎక్కువున్నవి వెనకే ఉండాలి. సమంగా అరిగిన పాత వెనక టైర్లు ముందుకు వచ్చాయి. పదునెక్కిన టైర్లను అలాగే ఉంచి నడిపితే హోరు తగ్గదు, రిపేరు పని చేయలేదన్న తప్పు నిర్ణయానికి వస్తాం.

ఓడోమీటరు 64,310

ముందు టైర్లు మళ్లీ కొలిచాం. ఎడమ: 5.6, 5.6, 5.5. కుడి: 5.6, 5.5, 5.6. అరచేతికి ఏ వైపు జరిపినా ఒకేలా ఉంది. బ్రేకు గట్టిగా వేసినా స్టీరింగ్ కదలడం లేదు.

కుడి లోయర్ ఆర్మ్ వెనక బుష్ మీద పైపైన సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి. బార్‌తో తోస్తే తెరుచుకోవడం లేదు, దారం పరీక్షలో తేడా అర మిల్లీమీటరే. 70,000 దగ్గర మళ్లీ అదే పరీక్ష చేస్తాం. తేడా ఒక మిల్లీమీటరు దాటితే ఆ ఆర్మ్ కూడా మార్చి, టో మళ్లీ చూపిస్తాం.